సూర్యకాంతితో సూక్ష్మరేణువుల కొలత

వెన్నెల రాత్రులలో పలుచని మబ్బుతెర చంద్రుని ముందుగా సాగిపోవుచున్నపుడు, చంద్రబింబము చుట్టును ఒక వెలుగు వలయ మేర్పడుట మీరు చూచియుందురు. పల్లెలలో దీనిని చూచి "చంద్రునికి గుడి కట్టినది" అందురు. గుడి దూరముగా నున్నచో వాన దగ్గఱ యనియు, గుడి దగ్గఱగా నున్నచో వాన దూరమనియు మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాట ప్రతిసారియు నిజము కావలెనని లేదు. కాని దీనిని మొదట చెప్పినవారు ఒక మంచి పని చేసిరి. వారు గుడిని చూచి ఆశ్చర్యపడి ఊరకుండలేదు. అది ఎంత పెద్దదిగా నున్నదో గమనించిరి. ఆకాశమున గనబడు వలయపు కొలతకును, దానిని కలిగించు వస్తువునకును ఏదో సంబంధ మున్నదని వారు ఊహించిరి.

ఆ ఊహ సరియైనదే. గాలిలో తేలియాడు ధూళి, పొగ, నీటి తుంపరలు మొదలగు రేణువులు మిక్కిలి చిన్నవి. వానిలో పెక్కింటిని కంటితో చూడలేము. కొన్ని మనకు పది ఇరువది కిలోమీటర్ల ఎత్తున నుండును. ఐనను వానిపై బడి చెదరిన సూర్యకాంతిని నేలమీద నిలిచి కొలిచి, ఆ రేణువులు ఎంతెంత పెద్దవో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు. ఈ విద్య ఎట్లు పుట్టినదో, ఎట్లు పెరిగినదో తెలిసికొందము.

జావా, సుమత్రా ద్వీపముల నడుమ సుండా జలసంధిలో క్రకటోవా అను చిన్న దీవి కలదు. 1883 వ సంవత్సరము ఆగస్టు 26, 27 తేదీలలో అచ్చటి అగ్నిపర్వతము భయంకరముగ బ్రద్దలైనది. సముద్రము పొంగి తీరగ్రామములను ముంచివేసెను. 36 వేలమందికి పైగా మరణించిరి. పర్వతమునుండి లేచిన ధూళియు, వాయువులును మేఘములను దాటి మిక్కిలి యెత్తునకు పోయినవి. అచ్చటి గాలులు వానిని పడమటి దిక్కుగా భూగోళము చుట్టును త్రిప్పినవి.

ఆ సంవత్సరము సెప్టెంబరు 5 వ తేదీన, హవాయి దీవులలోని హొనొలూలూ నగరమున సెరెనో బిషప్ అను క్రైస్తవ మతబోధకుడు ఆకాశమున ఒక వింతను చూచెను. సూర్యుని చుట్టును తెల్లని కాంతి వ్యాపించియుండెను. ఆ కాంతికి వెలుపల మసకమసకగా ఎఱుపును గోధుమవన్నెయు గలసిన పెద్ద వలయ మొకటి కనిపించెను. అతడు దానిని వర్ణించి ప్రకటించెను. కావున దానికి "బిషప్ వలయము" అను పేరు వచ్చినది. అదే మాసమున సింహళమునందును, దక్షిణ భారతమునందును సూర్యుడు ఆకుపచ్చగా గనబడెను. మన కోస్తా జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో చేరియుండెను. ఆ రాజధానికి ముఖ్యపట్టణమైన మద్రాసులో, చార్లెస్ మిచీ స్మిత్ అను ఆచార్యుడు ఆ పచ్చని సూర్యుని వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించెను.

ఇది క్రకటోవా ధూళివలననే జరిగినదా? ఐనచో ఆ ధూళి రేణువు లెంత పెద్దవి? అవి ఎంతకాల మట్లు తేలియుండును? నాటికి విమానములు లేవు. అంత ఎత్తునకు పోయి గుప్పెడు ధూళిని తెచ్చు ఉపాయము ఎవరికిని లేదు. శాస్త్రజ్ఞుల యొద్ద నున్న సాక్ష్య మొక్కటే: ఆ రేణువులను దాటి వచ్చిన వెలుగు. ఆ సాక్ష్యమును ఎట్లు విచారింపవలెనో తెలియుటకు, వెలుగు రేణువుపై బడినపుడు ఏమగునో ముందుగా తెలియవలెను.

పెంకుటింటి కప్పులోని సందునుండి ఎండ చీకటిగదిలోనికి దూరినపుడు ఒక కాంతిదండము కనిపించును. నిజమునకు కాంతి మన కంటివైపునకు వచ్చుటలేదు, నేలవైపునకు పోవుచున్నది. దారిలో ధూళిరేణువులు దానిని అన్నివైపులకు చెదరగొట్టుటచేతనే అది మనకు ప్రక్కనుండి కనబడుచున్నది. ఇట్లు కాంతి రేణువుపై బడి చెదరుటకు "పరిక్షేపణము" అని పేరు. ఎండ పడుచున్న వంటయింటిలో మఱియొక విషయమును గమనింపవచ్చును. పొయ్యినుండి సన్నగా లేచు కట్టెపొగ, వెనుక నల్లని గోడ యున్నపుడు, కొంచెము నీలముగా దోచును. అన్నపుకుండనుండి వచ్చు ఆవిరి మాత్రము తెల్లగా నుండును. రెంటిపై బడునది ఒకే వెలుగు. మఱి భేద మెక్కడిది? భేదము రేణువుల పరిమాణములో నున్నది. పొగలోని రేణువులు మిక్కిలి సన్ననివి. ఆవిరిలోని నీటిబొట్లు వానికంటె ఎన్నో రెట్లు పెద్దవి.

1869 వ సంవత్సరమున లండనులో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి చూపెను. అతడు గాజుగొట్టములో కొన్ని ఆవిరులను నింపి, వానిగుండ తీవ్రమైన కాంతిని పంపెను. ఆ కాంతి ప్రభావముచే గొట్టములో సన్నని తుంపర పుట్టినది. రేణువులు మిక్కిలి చిన్నవిగా నున్నంతవఱకు అది చక్కని నీలివన్నెతో ప్రకాశించెను. అవి పెరిగిన కొలది నీలివన్నె తగ్గి, తుదకు తెల్లనైనది. చెదరిన వెలుగుయొక్క రంగు రేణువు పరిమాణమును బట్టి మాఱునని దీనివలన తేలినది.

దీనికి కారణ మేమి? కాంతి అలల రూపమున ప్రయాణించును. ఒక అల శిఖరమునుండి తరువాతి అల శిఖరమువఱకు గల దూరమును తరంగదైర్ఘ్య మందురు. ఇది మిక్కిలి చిన్నది గనుక దీనిని మైక్రానులలో కొలుతురు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 60, 70 మైక్రానులుండును. నీలికాంతి తరంగదైర్ఘ్యము సుమారు 0.45 మైక్రాను, ఎఱ్ఱకాంతిది సుమారు 0.65 మైక్రాను. నువ్వుగింజను బారలతో కొలువలేము. కొలువదలచిన వస్తువునకు తగిన కొలబద్ద కావలెను. గాలిలోని రేణువులు కొన్ని మైక్రానులో పదవ వంతు, కొన్ని ఒక మైక్రాను, కొన్ని పది మైక్రానులు నుండును. కాంతి యలలు సరిగా ఆ ప్రమాణముననే యుండుటచేత వానిని కొలుచుటకు కాంతియే తగిన కొలబద్ద యగుచున్నది.

రేణువు కాంతి యలకంటె మిక్కిలి చిన్నదైనచో, అది పొట్టి యలలను ఎక్కువగాను, పొడవైన యలలను తక్కువగాను చెదరగొట్టును. 1871 లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ స్ట్రట్ దీనికి లెక్క కట్టెను. తరువాత లార్డు రేలీ యని ప్రసిద్ధికెక్కినవా డితడే. అతని లెక్క ప్రకారము అట్టి రేణువు నీలికాంతిని ఎఱ్ఱకాంతికంటె నాలుగు రెట్లకు పైగా చెదరగొట్టును. 1899 లో అతడు మఱియొక సంగతి చెప్పెను. ఆకాశమును నీలముగా చేయుటకు ధూళి యక్కఱలేదు. గాలిలోని అణువులే చాలును. కావున నిర్మలమైన ఆకాశపు నీలిమ యనునది మిక్కిలి చిన్న రేణువులు వ్రాసిన వ్రాత యని చెప్పవచ్చును. ఎండకాలమున ధూళి లేచినపుడు ఆకాశము పాలిపోయి తెల్లబడుట పెద్ద రేణువులు వ్రాసిన వ్రాత.

రంగు మాత్రమే కాదు. కాంతి చెదరిపోవు దిక్కుకూడ రేణువు పరిమాణమును తెలుపును. చెరువులోని అలలు ఇఱుకైన సందుగుండ పోయినచో, అవతల విసనకఱ్ఱవలె విశాలముగా పరచుకొనును. వెడల్పైన దారి గుండ పోయినచో ఇంచుమించు నేరుగా సాగిపోవును. అలలకు చిన్న వస్తువు అడ్డము వచ్చినపుడును ఇదే నియమము వర్తించును. మిక్కిలి చిన్న రేణువు కాంతిని ముందునకు, వెనుకకు, ప్రక్కలకు చెదరగొట్టును. పెద్ద రేణువు దానిలో అధికభాగమును ముందునకే, అనగా కాంతి పోవుచున్న దిక్కునకే, ఒక ఇఱుకైన వెలుగుముద్దగా పంపును. ఆ ముద్ద చుట్టును వలయములు కట్టును. దీనిని శాస్త్రములో వివర్తన మందురు. రేణువు పెద్దదైన కొలది వలయము చిన్నది. రేణువు చిన్నదైన కొలది వలయము పెద్దది. ఈ యొక్క వాక్యమును గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఇంగ్లండు దేశపు వైద్యుడు తామస్ యంగ్ పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభముననే ఈ నియమమును పనిలో పెట్టెను. దీపపు వెలుగునకు ఎదురుగా ఉన్ని పోగులను గాని, రక్తకణములను గాని యుంచి, వాని చుట్టు గనబడు వలయములను కొలిచి, వాని పరిమాణమును అతడు తెలిసికొనెను. గాలిలోని రేణువుల విషయమున సూర్యుడే దీపము.

ఇప్పుడు చంద్రుని గుడియొద్దకు తిరిగి పోవుదము. మేఘములోని నీటిబొట్టు వ్యాసము 20 మైక్రానులు ఉన్నదనుకొందము. లెక్కవేసినచో దాని వెలుగుముద్ద అంచు చంద్రునికి సుమారు 2 డిగ్రీల దూరమున నుండును. చంద్రబింబపు వెడల్పు అర డిగ్రీ కావున అది నాలుగు బింబముల దూరము. బొట్లు 10 మైక్రానులవే యైనచో అంచు 4 డిగ్రీలకు జరుగును. ఎఱ్ఱని యలలు పొడవైనవి గనుక ఎక్కువగా విప్పారును. అందుచే ఈ చిన్న గుడికి వెలుపలి యంచు ఎఱ్ఱగా నుండును.

చంద్రునికిని, సూర్యునికిని కట్టు మఱియొక గుడి కలదు. అది 22 డిగ్రీల దూరమున నుండు పెద్ద వలయము. ఎత్తైన మబ్బులలోని మంచుస్ఫటికములలో కాంతి వంగుటచే, అనగా వక్రీభవనముచే, అది ఏర్పడును. స్ఫటికము పెద్దదైనను చిన్నదైనను దాని దూరము మాఱదు. కావున అది రేణువు పరిమాణమును మనకు చెప్పదు. దానిని గుర్తించుట సులభము. దాని ఎఱుపు లోపలి యంచున నుండును.

బిషప్ చూచిన వలయపు ఎఱుపు వెలుపలి వైపున నుండెను. కావున అది మంచుస్ఫటికముల పని కాదు, సూక్ష్మరేణువుల వివర్తనమే. ఆ ఎఱ్ఱని వలయము సూర్యునికి సుమారు 10 డిగ్రీల దూరమున మొదలై 20 డిగ్రీల వఱకు వ్యాపించియుండెను. ఇక లెక్క మీరే చేయవచ్చును. 20 మైక్రానుల బొట్టు 2 డిగ్రీల వెలుగుముద్దను కట్టును. దానికి పది రెట్లు పెద్దదైన 20 డిగ్రీల ముద్దను కట్టవలెనన్నచో రేణువు పదవ వంతు, అనగా సుమారు 2 మైక్రానులుండవలెను. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ పెర్న్‌టర్ 1889 లో వివరముగా లెక్కించి, ఇంచుమించు ఈ ఫలితమునే పొందెను. ఆకాశమున ఎవరును చేరలేని చోట నున్న రేణువులను ఎవరును తాకకయే కొలిచిరి!

ఈ కొలతతో రెండవ ప్రశ్నకును సమాధానము దొరకినది. గాలిలో పడు రేణువు వేగము దాని పరిమాణముపై ఆధారపడియుండును. రెండు మైక్రానుల రేణువు గంటకు ఒకటి రెండు మీటర్లకంటె ఎక్కువగా దిగజాలదు. వానలు పుట్టు మేఘమండలమునకు పైన నున్నచో వాన దానిని కడిగివేయదు. కావున పది పదునైదు కిలోమీటర్లు దిగుటకు దానికి నెలలును, సంవత్సరములును పట్టును. బిషప్ వలయము 1886 వ సంవత్సరము వఱకును అచ్చటచ్చట కనబడుచునే యుండెను. లెక్క చెప్పిన దానినే ఆకాశము రుజువు చేసెను.

ఐతే పచ్చని సూర్యుని మాట యేమి? రేణువు కాంతి యలకంటె మిక్కిలి చిన్నదైనచో రేలీ సూత్రము చాలును. మిక్కిలి పెద్దదైనచో వలయపు లెక్క చాలును. రెండును ఇంచుమించు సమానముగా నున్నపుడు మాత్రము వ్యవహారము చిక్కుపడును. ఈ చిక్కును 1908 లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ మీ విప్పెను. నీటిలో కలిసిన సూక్ష్మ స్వర్ణరేణువులకు ఎఱ్ఱని రంగు ఏల వచ్చునని విచారించుచు, అతడు ఏ పరిమాణముగల గుండ్రని రేణువునకైనను పనికివచ్చు లెక్కను సాధించెను. దానినుండి ఒక వింత బయలుపడినది. సాధారణముగా రేణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును. అందుచేతనే అస్తమించు సూర్యుడు ఎఱ్ఱనగును. కాని రేణువులన్నియు ఇంచుమించు ఒక మైక్రాను ప్రమాణమున, ఒకదానితో నొకటి సమానముగా నున్నచో, అవి ఎఱ్ఱకాంతినే ఎక్కువగా తొలగించును. అప్పుడు సూర్యుడు పచ్చగా గాని, నీలముగా గాని కనబడును.

1950 సెప్టెంబరు 26 వ తేదీన స్కాట్లండులో సూర్యుడు నీలముగా కనబడెను. కెనడాలోని అడవులు కాలగా లేచిన పొగ అట్లాంటిక్ మహాసముద్రమును దాటి వచ్చియుండెను. ఎడింబరోలోని వేధశాలలో రాబర్టు విల్సన్ ఆ నీలి సూర్యుని వర్ణపటమును తీసెను. ఏ రంగు ఎంత తగ్గినదో చూచి, అవి సుమారు ఒక మైక్రాను వ్యాసముగల నూనెబొట్లని నిర్ణయించెను.

ఈ దినములలో ఇట్టి కొలతలకు సూర్యకాంతిమాపకమను యంత్రమును వాడుచున్నారు. దానికి పొడవైన సన్నని గొట్టము, రంగుటద్దములు, కాంతిని విద్యుత్తుగా మార్చు సాధనము ఉండును. యంత్రమే సూర్యుని వెదకి, అతనివైపు తిరిగి, పనిని రెండు విధములుగా నడపును.

మొదటిది రంగుల పరీక్ష. యంత్రము సూర్యుని నేరుగా చూచి, ఒక్కొక్క రంగులో ఎంత కాంతి నేలకు చేరినదో కొలుచును. గాలి అణువులు ఎంత తగ్గించునో వాతావరణ పీడనమును బట్టి తెలియును గనుక దానిని తీసివేయుదురు. మిగిలిన తగ్గుదల రేణువులవలన కలిగినది. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ 1929 లో ఈ తగ్గుదలను ఒకే యంకెతో సూచించు పద్ధతిని చూపెను. నీలికాంతి తగ్గినంతగానే ఎఱ్ఱకాంతియు తగ్గినచో ఆ యంకె సున్నకు దగ్గఱగా నుండును. అవి ఎడారి ధూళివంటి పెద్ద రేణువులు. నీలికాంతి మిక్కిలి యెక్కువగా తగ్గినచో ఆ యంకె రెండు వఱకు పోవచ్చును. అవి పొగవంటి చిన్న రేణువులు.

రెండవది దిక్కుల పరీక్ష. యంత్రము సూర్యుడున్న యెత్తుననే ఆకాశమున అడ్డముగా తిరుగుచు, సూర్యునికి మూడు నాలుగు డిగ్రీల చేరువనుండి మిక్కిలి దూరము వఱకు ఆకాశపు వెలుగును అడుగడుగున కొలుచును. సూర్యుని చుట్టునున్న వెలుగు దూరమగుకొలది చప్పున తగ్గినచో గాలిలో పెద్ద రేణువులున్నట్లు. మెల్లగా తగ్గినచో చిన్న రేణువులున్నట్లు. ఇది బిషప్ వలయమును చదివిన పద్ధతియే. ఐతే వలయము కంటికి కనబడనపుడుకూడ యంత్రము దీనిని చదువగలదు. ఇందు ఒక కష్టము కలదు. సూర్యబింబము ప్రక్కనున్న ఆకాశముకంటె ఎన్నో వేల రెట్లు ప్రకాశవంతమైనది. సూర్యుని కిరణ మొక్కటి గొట్టములోనికి జాఱినను కొలత చెడును. గొట్టమును పొడవుగా, సన్నముగా, లోపల నల్లగా చేయుట ఇందులకే.

కొలతలు చేతికి వచ్చినంతమాత్రమున సమాధానము రాదు. క్రకటోవా ధూళి విషయమున రేణువులన్నియు ఒక్క పరిమాణమువే యనుకొని లెక్క వేసిరి. మన చుట్టునున్న గాలిలో పొగ, ధూళి, సముద్రపు ఉప్పు రేణువులు అన్నియు కలిసియుండును. ఒక సంచిలో రాగులు, కందులు, సెనగలు కలిపి మూతి కట్టిరనుకొనుడు. సంచిని తూచి, వేనివేని పాలు ఎంతో చెప్పుమన్నచో చెప్పగలరా? ఒకే బరువునకు ఎన్నో విధములైన పాళ్లు సరిపోవును. సంచిని ఊపి చప్పుడు వినినచో కొంత తెలియును. పైనుండి తడిమి చూచినచో మఱికొంత తెలియును. అట్లే ఒక్క రంగులో, ఒక్క దిక్కున చేసిన కొలత చాలదు. పెక్కు రంగులలో, పెక్కు దిక్కుల చేసిన కొలతలన్నింటికిని సరిపోవు పాళ్లను వెదకవలెను.

అప్పటికిని ఒక ప్రమాదము మిగిలియుండును. కొలతలో అణుమాత్రము పొరపాటున్నను లెక్క త్రోవ తప్పి, "ఈ పరిమాణముగల రేణువులు సున్నకంటె తక్కువ" యనునట్టి అర్థములేని జవాబు నిచ్చును. 1962 లో ఫిలిప్స్, 1963 లో టూమీ అను శాస్త్రజ్ఞులు దీనికి విరుగుడు చెప్పిరి. ప్రకృతిలో ఒక పరిమాణమునుండి తరువాతి పరిమాణమునకు రేణువుల సంఖ్య ఎగిరిదూకినట్లు మాఱదు, మెల్లగానే మాఱును. కావున కొలతలకు సరిపోవు జవాబులలో ఎత్తుపల్లములు లేక నున్నగా సాగుదానినే గ్రహింపవలెను. నేటి గణనయంత్రములు ఈ నియమము ననుసరించి, 0.05 మైక్రాను మొదలు 15 మైక్రానుల వఱకు వ్యాసార్ధము గల రేణువులను 22 తరగతులుగా విభజించి లెక్కకట్టుచున్నవి. రైతు గింజలను వేర్వేఱు కన్నులుగల జల్లెడలతో వేఱుపఱచినట్లు, ఇచ్చట కాంతియే జల్లెడ యగుచున్నది.

ఈ జల్లెడకును లోపములు కలవు. రేణువులు గుండ్రనివని తలచి చేసిన లెక్క ఎడారి ధూళికి సరిగా అతుకదు. ఏలయన ధూళిరేణువులు మూలలు మూలలుగా నుండును. దానికి వేఱు లెక్క కట్టవలసివచ్చినది. మబ్బు అడ్డము వచ్చినచో కొలత పనికిరాదు. కావున విమానములతో గాలిలోని రేణువులను పట్టి తెచ్చి, రెండు ఫలితములను పోల్చి చూచుకొనుచుందురు.

ఇంత శ్రమ యెందులకని మీ రడుగవచ్చును. రేణువు పరిమాణమును తెలిసికొన్నచో దాని నడవడి తెలియును. పెద్ద ధూళి మన ముక్కులోను, గొంతులోను ఆగిపోవును. 2.5 మైక్రానులకు తక్కువైన రేణువులు ఊపిరితిత్తుల లోలోతులకు పోయి హాని చేయును. ఏ రేణువులు మేఘములలో నీటిబొట్లకు విత్తనములగునో పరిమాణమును బట్టియే కొంతవఱకు తెలియును. భూమియొక్క వేడిమికూడ వీనిపై ఆధారపడియున్నది. 1991 జూను 15 వ తేదీన ఫిలిప్పైను దేశములో పినతూబో అగ్నిపర్వతము బ్రద్దలై, సుమారు 2 కోట్ల టన్నుల గంధకపు వాయువును పైకెగజిమ్మెను. అది ఎత్తైన గాలిలో గంధకామ్లపు చిన్న బొట్లుగా మాఱినది. బిషప్ వలయము మరల కనబడెను. ఆ బొట్లు సూర్యకాంతిని వెనుకకు త్రిప్పివేయుటచే మఱుసటి సంవత్సరము భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గెను. ఆ బొట్లు ఇంకను ఎన్నో రెట్లు పెద్దవైయున్నచో, భూమినుండి పోవు వేడిమిని అడ్డగించి చల్లదనమునకు మాఱు వెచ్చదనమునే కలిగించియుండెడివి. చలియా, వేడియా యనునది మైక్రానుల భేదముపై నిలిచినది.

అందుచే 1990 ల నుండి ప్రపంచమున వందలాది చోట్ల ఇట్టి సూర్యకాంతిమాపకములను నెలకొల్పిరి. మన దేశమున కాన్పూరులో 2001 నుండి ఈ కొలతలు జరుగుచున్నవి. గంగా మైదానమున శీతకాలపు పొగయు, వేసవిలో పడమటి ఎడారులనుండి వచ్చు ధూళియు ఒకదాని వెనుక నొకటి వచ్చుచుండును. రేణువుల పరిమాణమును చూచియే ఏది ఎప్పుడు వచ్చినదో అచ్చట గుర్తింపగలరు. తిరుపతికి సమీపమున గాదంకిలో నున్న జాతీయ వాతావరణ పరిశోధనశాలలోను సూర్యుని చుట్టునున్న ఆకాశపు వెలుగును కొలుచు యంత్రముతో పరిశోధనలు జరిగినవి.

యంత్రము లేకయే మీరును కొంత గమనింపవచ్చును. ఐతే ఒక హెచ్చరిక: సూర్యుని నేరుగా ఎన్నడును చూడరాదు. రెప్పపాటు కాలమైనను అది కంటికి తీరని హాని చేయవచ్చును. పెద్ద భవనపు నీడలో, సూర్యుడు గోడవెనుక పూర్తిగా దాగియున్న చోట నిలిచి, గోడకు దూరముగా నున్న ఆకాశమును చూడుడు. గట్టి వాన వెలిసిన మఱునాడు ఆకాశము ముదురు నీలముగా నుండును. ఎండలు ముదిరి దుమ్ము లేచిన దినమున తెల్లని మెఱపు చాలదూరము పరచుకొని, నీలిమ పాలిపోవును. దినదినమును వ్రాసి యుంచుకొన్నచో మీ యూరి గాలి ఏ ఋతువున ఎట్లు మాఱునో మీకే తెలియును.

చంద్రుని గుడిని చూచుటకు మాత్రము ఏ భయమును అక్కఱలేదు. చేయి చాచి పిడికిలి పట్టుడు. దాని వెడల్పు ఆకాశమున సుమారు పది డిగ్రీలు. గుడి చంద్రునికి ఎంత దూరమున నున్నదో దానితో కొలువుడు. ఎఱుపు లోపలనా, వెలుపలనా యని చూడుడు. ఎఱుపు వెలుపలనుండి, గుడి రెండు డిగ్రీల దూరమున నున్నచో, ఆ మబ్బులోని నీటిబొట్లు ఇరువది మైక్రానులవని మీరు నేలమీద నిలిచియే చెప్పగలరు.